కిందినుంచి పైకి దొర్లిన రాయి

“మా ఆయన నెత్తిన రాయి పడి పోయాడంటే నేను నమ్మను. నన్ను నమ్మించాలని మాత్రం చూడకండి.”

రాళ్ల మాస్టారి భార్య ఆ మాట అని, సంచిలోంచి భర్త సామాన్లు ఒక్కొక్కటే తీసి డిటెక్టివ్ బల్ల మీద పెట్టింది. పిడి అరిగిన సుత్తి. తాడు కట్టిన చిన్న భూతద్దం. వేలెడంత ప్లాస్టిక్ సీసా, దానికి చుక్కలు పడే మూత.

“నమ్మించను. మీరెందుకు నమ్మడం లేదో చెప్పండి చాలు,” అంది డిటెక్టివ్.

“ముప్ఫై నాలుగేళ్లు కాలేజీలో రాళ్ల పాఠం చెప్పాడు. రిటైరయ్యాక తొమ్మిదేళ్లు ఆ కొండడవిలో జనాన్ని తిప్పుతూ అదే పాఠం చెప్పాడు. ఏ రాయి కదులుతుందో, ఏది కదలదో ఆయనకి నా మొహం కన్నా బాగా తెలుసు. నల్లమెట్టు గురించి ఏమనేవాడో తెలుసా? ‘భూకంపమొచ్చినా దానిమీద పెట్టిన గ్లాసులో నీళ్లు తొణకవోయ్’ అనేవాడు. తీరా దాని కిందే రాయి పడి పోయాడట. ఇన్‌స్పెక్టరు గారు ఒక్క పూటలో తేల్చి, సంతకం కూడా పెట్టేశారు.”

దాచి లాభం లేదనుకుంది డిటెక్టివ్.

“ఆ ఇన్‌స్పెక్టరు నా మరిది. మా చెల్లెలి భర్త.”

“తెలుసు. అందుకే మీ గుమ్మం తొక్కాను. ఆయన రాసింది తప్పని రుజువు చెయ్యడానికి మీకన్నా ఆత్రం ఎవరికుంటుంది?”

ముసలావిడ మాటలో మర్యాద లేదు గానీ అబద్ధం కూడా లేదు. ఆరేళ్ల కిందట ఆ స్టేషన్లో ఇన్‌స్పెక్టరు డిటెక్టివే. మరిది ఆమె కింద ఎస్సై. ఒక కేసులో ముఖ్యమైన సాక్షి వాంగ్మూలం ఫైల్లోంచి మాయమైంది. బీరువా తాళం ఆమె దగ్గరుంది కాబట్టి నేరం ఆమె మెడకు చుట్టుకుంది. ఆమె ఉద్యోగం వదిలింది, మరిది కుర్చీ ఎక్కాడు. ఇంటికెళ్లి, ఇది మరిది పనేనని చెల్లెలితో మొర పెట్టుకుంటే, “మా ఆయన పైకొస్తుంటే నీకు కళ్లల్లో నిప్పులు పోసినట్టుందక్కా” అంది. ఆనాటి నుంచి అక్కాచెల్లెళ్ల మధ్య మాటల్లేవు.

డిటెక్టివ్ సీసా చేతిలోకి తీసుకుంది.

“ఇదేమిటి?”

“పలచటి యాసిడ్. సున్నపురాయి మీద ఒక్క చుక్క వేస్తే బుసబుసా పొంగుతుంది. వేరే రాయి మీద వేస్తే ఉలకదు, పలకదు. జనానికి అదో వింత. ఆయన జేబులో దొరికిందని పోలీసులే ఇచ్చారు.”

“ఇది నేను ఉంచుకోవచ్చా?”

“అన్నీ ఉంచుకోండి. నాకు రాళ్లతో పనేముంది? మనిషే రాయైపోయాక.”

*

గురువారం ఉదయం ఏడున్నరకల్లా డిటెక్టివ్ కొండ కింద, అడవి మొదట్లో ఉన్న గేటు గదిలో కూర్చుంది. గోడ బల్లల మీద రాతి ముక్కలు, వాటి కింద మాస్టారి చేతిరాతతో చీటీలు. ఆదివారం ఆదివారం జనం ఈ గదిలోనే పేర్లు రాసుకుని, ఆయన వెంట కొండెక్కి, భూమి వయసెంతో తెలుసుకుని, మధ్యాహ్నానికి దిగిపోయేవాళ్లు. ముందు మాస్టారు నడిచేవాడు. అందరికన్నా వెనక, ఎవరూ తప్పిపోకుండా తలలు లెక్కపెట్టుకుంటూ ఒక గైడు నడిచేవాడు. అతనికి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది గానీ, తొమ్మిదేళ్లుగా అందరికీ అతను ‘తోక’.

తోక నలభై దాటిన మనిషి. చెక్క స్టూలు మీద సగమే ఆనుకుని కూర్చున్నాడు.

“ఆదివారం ఎన్నింటికి బయల్దేరారు?”

“ఏడూ పదికి మేడమ్. పది మంది వచ్చారు. తెల్లగోడకి ఎనిమిదీ యాభై. అక్కడ సున్నపురాయి, గవ్వల అచ్చులు, యాసిడ్ పొంగు, అదంతా చూపించేసరికి అరగంట. తొమ్మిదీ ఇరవైకి కదిలాం. గొలుసు దారి దాటి పదీ అయిదుకి నల్లమెట్టు.”

“గడియారం మింగినట్టు చెబుతున్నావే.”

“నా పనే అది మేడమ్. తలలూ, టైములూ.”

“తర్వాత?”

“మాస్టారు అక్కడేదో చూసుకోవాలన్నారు. వీళ్లని ఊట దగ్గరికి తీసుకెళ్లి కూచోబెట్టు, వెనకాలే వస్తానన్నారు. తీసుకెళ్లాను. ఎంతసేపటికీ రాలేదు. పదీ యాభైకి వెనక్కొచ్చి చూస్తే…” తోక తల దించుకున్నాడు. “పక్కనే రాయి. తల పగిలిపోయి ఉంది.”

“జనంతో కలిసే వెళ్లావా ఊట దగ్గరికి?”

“కలిసే మేడమ్.”

డిటెక్టివ్ నోట్‌బుక్కులో ఒక పేజీ తిప్పింది. వచ్చిన పది మందికీ ముందురోజే ఫోన్లు చేసింది. అందులో ఒక పళ్ల డాక్టరుంది. వేసిన ప్రతి అడుగూ లెక్కపెట్టే గడియారం ఆవిడ చేతికి. మనుషులు మర్చిపోయేవన్నీ అది దాచిపెట్టింది.

“వాళ్లు పదీ పద్దెనిమిదికి ఊట చేరారు. నువ్వు పదీ ముప్ఫై ఒకటికి చేరావు, డాక్టరు టైము చూసుకుందట. తలలు లెక్కపెట్టేవాడివి, పదమూడు నిమిషాలు పది తలలూ వదిలేసి ఎక్కడున్నావు?”

తోక జవాబు తొందరగానే వచ్చింది.

“ఆఁ, అదా… ఒకావిడ బూటు లేసు తెగింది. ఆవిడ కట్టుకునేదాకా ఆగాను. ఇదేం పెద్ద విషయమని చెప్పలేదు మేడమ్.”

“ఎవరావిడ?”

“పేరు గుర్తులేదు. తలలే గానీ మొహాలు చూడను.”

డిటెక్టివ్ రాసుకుంది. ఇంకేమీ అడగలేదు. డాక్టరు పంపిన ఫొటో ఆమె ఫోన్లో ఉంది. ఊట పక్కన రాతి మీద ఫోను నిలబెట్టి, పది మందీ కలిసి తీయించుకున్నది. టైము పదీ ఇరవై. రిజిస్టరులో ఉన్నది ముగ్గురు ఆడవాళ్లు. ముగ్గురూ ఫొటోలో పళ్లికిలిస్తూ ఉన్నారు. లేసు తెగిన నాలుగో ఆవిడ ఎవరు?

పూర్తిగా అబద్ధం అల్లడం మనుషులకు చేతకాదు. తత్తరపాటులో నిజంలోంచే ఒక పోగు లాగి అల్లుతారు. నల్లమెట్టు దగ్గర, ఆ పదమూడు నిమిషాల్లో, ఒక ఆడమనిషి ఉంది.

ఎవరినో కాపాడుతున్నాడు, లేదా ఎవరికో భయపడుతున్నాడు అనుకుంది డిటెక్టివ్. ఇరవై ఏళ్ల పోలీసు ఉద్యోగంలో నేర్చుకున్నది ఒకటే, అబద్ధం చెప్పిన ప్రతివాడూ హంతకుడు కాడు. అది నిజమే. కానీ ఆ పాఠానికి రెండో సగం కూడా ఉందని ఆ పొద్దున ఆమెకు గుర్తు రాలేదు.

“పద, నల్లమెట్టు చూపించు,” అంది లేస్తూ. గైడు లేకుండా ఆ దారిలో ఎవరినీ వదలరు. అది మాస్టారు పెట్టిన నియమమే.

*

గొలుసు దారి అడుగున్నర వెడల్పు. ఒకవైపు కొండ గోడకు మేకులు కొట్టి వదులుగా వేలాడదీసిన ఇనప గొలుసు. రెండోవైపు ఏమీ లేదు. కింద చెట్ల తలలు ముద్ద గట్టిన నాచులా కనిపిస్తాయి. గొలుసు పట్టుకుని డిటెక్టివ్ ముందు నడిచింది. తోక అలవాటుగా వెనక నడిచాడు.

పదీ నలభైకి నల్లమెట్టు చేరారు. తారు పోసినట్టున్న నల్లటి రాతి గోడ, దాని కింద ఇల్లంత చదును. మాస్టారు పడి ఉన్న చోట పోలీసులు సున్నంతో గీసిన గీత నాలుగు రోజుల మంచుకు సగం చెరిగింది. గీత పక్కన రాయి అలాగే ఉంది. చిన్న గుమ్మడికాయంత. ఒక మూల రక్తం ఎండి తుప్పు రంగుకు తిరిగింది.

డిటెక్టివ్ ముందు రాయిని చూడలేదు, తలెత్తి గోడను చూసింది. పైనుంచి రాయి ఊడితే ఊడిన చోట పచ్చిగాయంలా కొత్త రంగు కనబడాలి. గోడంతా ఒకటే నలుపు. గాయం లేదు, పగులు లేదు, వదులైన పెచ్చు ఒక్కటి లేదు. ముసలావిడ చెప్పింది నిజం. గ్లాసులో నీళ్లు తొణకవు.

అప్పుడు వంగి రాయిని చూసింది. పైనంతా నల్లటి బురద ఎండి పట్టుకుంది. వానకు పట్టిన బురదైతే జారిన చారలుంటాయి. దీనిమీద నాలుగు వేళ్ల గీతలున్నాయి. ఎవరో గోడకు సున్నం వేసినట్టు అరచేత్తో పూశారు.

“ఇది పైనుంచే పడిందా?”

“మరెక్కణ్ణుంచి పడుతుంది మేడమ్?” అన్నాడు తోక.

ఆమె జేబులోంచి సీసా తీసింది. ముందు నల్లగోడ మీద ఒక చుక్క వేసింది. చుక్క అద్దంలా నిలబడి, నెమ్మదిగా జారిపోయింది. తర్వాత రాయి మీది బురద గోటితో గీకి, బయటపడ్డ తెల్లటి చోట ఇంకో చుక్క వేసింది.

బుస్సుమంది. పొయ్యి మీద పాలలా నురగ పైకి లేచింది.

తోక ఆ నురగ వంక కన్నార్పకుండా చూశాడు. ఆ పొంగును అతను వందల ఆదివారాలు చూసి ఉంటాడు. ఇవాళ మాత్రం దాన్ని చూసి ఒకడుగు వెనక్కి వేశాడు.

“వదినా! దాన్ని ముట్టుకోకండి!”

ఊట వైపు నుంచి మరిది వస్తున్నాడు. వెనకాల ఒక కానిస్టేబులు. కొండ అవతలి పక్క నుంచి ఊట దాకా జీపు దారి ఉంది. మరిది బూట్లకు మట్టి కూడా అంటలేదు.

“ముట్టుకోకూడనిదైతే నాలుగు రోజులు ఇక్కడే ఎందుకు వదిలేశారు మరిదిగారూ?”

“యాక్సిడెంటు కేసులో రాయిని లాకప్పులో పెట్టమంటారా?”

కానిస్టేబులు నవ్వాడు. డిటెక్టివ్ తల తిప్పి చూసేసరికి నవ్వు మింగేశాడు. ఒకప్పుడు ఆమెకు సెల్యూట్ కొట్టిన చెయ్యే అది.

“పెట్టాల్సింది రాయిని కాదు, తెచ్చినవాణ్ని. ఇక్కడంతా నల్లరాయి. ఇది సున్నపురాయి. సున్నపురాయి ఉన్నది తెల్లగోడ దగ్గర, ఇక్కడికి ముప్పావుగంట దిగువన. కిందినుంచి పైకి దొర్లే రాయిని మీ సర్వీసులో ఎప్పుడైనా చూశారా?”

“రాళ్ల గురించి మీకేం తెలుసు?”

“నిన్నటిదాకా ఏమీ తెలీదు. చచ్చిపోయిన మాస్టారే నేర్పాడు, ఒక చుక్కతో.”

“మీకింకా ఆ కుర్చీ మీద కోపం పోలేదు వదినా. ఆరేళ్లయింది. మనవాడన్న అభిమానం లేదు సరే, మీ చెల్లెలి మొహం చూసైనా…”

“కుర్చీ మీద నాకు కోపమెందుకు? చెక్కముక్క, అదేం చేసింది పాపం! కోపమల్లా కూర్చున్నవాడి మీదే.”

మరిది మొహం కందింది. కానిస్టేబులు తన బూట్ల వంక చూసుకున్నాడు.

డిటెక్టివ్ ఇంక ఆగలేదు. చేతిరుమాలు వేసి రాయిని పట్టుకుని బోర్లా తిప్పింది. ఏడెనిమిది కిలోల బరువుంది. అడుగు భాగం పాలలా తెల్లగా, కొత్తగా ఉంది. అంచుల వెంబడి వరసగా ఉలి దెబ్బలు. నట్టనడుమ అరచెయ్యంత గుంట. పెద్ద నత్తగుల్ల చుట్టలు చుట్టుకుని పడుకుంటే ఏర్పడిన అచ్చులా ఉంది. అచ్చు ఉంది, అందులో ఉండాల్సింది లేదు.

“చూశారా? ఇందులో శిలాజం ఉండేది. కోట్ల ఏళ్లనాటి గుల్ల, రాయైపోయింది. దానికోసం ఎవరో తెల్లగోడను ఉలితో తొలిచారు. రాతిముక్క మొత్తాన్ని సంచిలో వేసుకుని, ఇక్కడెవరికో చూపించడానికి తెచ్చారు. మాస్టారి కంటబడ్డారు. చేతిలో ఉన్నదాంతోనే కొట్టారు. తర్వాత లోపలి గుల్ల ఊడదీసుకుని, తెలుపు కనబడకుండా పైన బురద పూశారు. మీరొచ్చి, పైన కొండ ఉంది కాబట్టి పైనుంచే పడిందని రాశారు.”

మరిది రాయినీ, అచ్చునూ చూశాడు. ఎగిరిపడతాడనుకుంది. పడలేదు. అతని మొహంలో ఆశ్చర్యం కూడా లేదు. జేబులోంచి గుడ్డ తీసి నుదురు తుడుచుకున్నాడు.

“ఇంకెవరికైనా చెప్పారా ఇది?”

“ఇప్పుడే కదా చూశాను. కిందికెళ్లాక చెబుతాను. మీ పై అధికారితో మొదలుపెట్టి.”

“సరే. నాది పొరపాటే అనుకుందాం,” అన్నాడు మరిది. ఆరేళ్లలో అతని నోట పొరపాటన్న మాట రావడం అదే మొదలు. “ఒరేయ్, రాయిని గోనెలో కట్టి జీపులో పెట్టు. వదినా, మిమ్మల్ని జీపులో తీసుకెళ్లాలనే ఉంది. కానీ సాక్ష్యం పక్కన బయటివాళ్లని కూచోబెట్టకూడదు. రేపు కోర్టులో ఆ ప్రశ్న ముందు మీరే వేస్తారు.”

ఆ మాటకు తిరుగు లేదు. ఆమె అయినా అదే అనేది.

మరిది నాలుగడుగులు వేసి, వెనక్కి తిరక్కుండానే తోకతో అన్నాడు. “మేడమ్‌ని గొలుసు దారిన దించు. తొందరేం లేదు.”

జీపు చప్పుడు దూరమయ్యేదాకా డిటెక్టివ్ అక్కడే నిలబడింది. గెలిచానన్న సంతోషం చిన్నపిల్లలా గుండెలో గంతులు వేసింది. వేసినందుకు తనమీద తనకే రోత పుట్టింది. ఒక మనిషి చచ్చిపడిన చోట నిలబడి మరిది ఓడాడని మురిసిపోతోంది. ముసలావిడ సరిగ్గానే అంచనా వేసింది తనని.

*

గొలుసు దారి సగానికి వచ్చేసరికి ఫోను మోగింది. తెరమీద పేరు లేదు. ఆరేళ్ల కిందట తనే తీసేసింది. అంకెలు మాత్రం మనసులోంచి పోలేదు.

“అక్కా.” చెల్లెలి గొంతు గాలికి తెగి తెగి వస్తోంది. “నువ్వేం మాట్లాడకు. ఊఁ అను, చాలు. తోక నీ వెనక ఉన్నాడా?”

“ఊఁ.”

“ఎవరైనా ఉన్నారా ఇంకా?”

“ఊహూఁ.”

అవతల ఒక్కసారి ఊపిరి లాగిన చప్పుడు.

“ఆయన ఇప్పుడే ఫోన్ చేశారక్కా. ‘మీ అక్క మొత్తం కనిపెట్టేసింది. నువ్వింక భయపడకు’ అన్నారు. కనిపెట్టేస్తే భయపడాలి కదా, భయపడొద్దంటారేమిటి? అక్క ఎక్కడుందని అడిగితే, తోక దించుతున్నాడన్నారు. ఆ గొంతు నాకు తెలుసక్కా. అలా మెత్తగా మాట్లాడితే…” మాట పూర్తి చేయలేక ఏడ్చింది. “ఆ రాతి గుల్లలు కొంటున్నది నేనే. రెండేళ్లుగా తోక దగ్గర కొంటున్నా. షోకేసు నిండా అవే. ఎక్కణ్ణుంచి తెస్తున్నావని ఒక్కనాడూ అడగలేదు. ఆదివారం జీపు దారిన వచ్చి, ఊటకి ముందే దిగి నల్లమెట్టుకి నడిచాను. వాడు గోడ మలుపు చాటున సంచి విప్పి చూపిస్తున్నాడు. మాస్టారు వచ్చారు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. వాడితో మాత్రం, ‘తొమ్మిదేళ్లు నా వెనక నడిచింది ఇందుకా?’ అన్నారు. అని, అటు తిరిగారక్కా. అంతే…”

డిటెక్టివ్ చూపు కొండ గోడ మీదే నిలిచిపోయింది. అడుగు వెనక అడుగు వేస్తూనే ఉంది. ఆగితే వెనకవాడికి అనుమానం.

“ఇంటికొచ్చి ఆయన కాళ్లు పట్టుకుని చెప్పాను. నీ పేరు బయటికి రాదు, నేను చూసుకుంటానన్నారు. చూసుకోవడమంటే కేసు మూసేయడమనుకున్నాను. నిన్ను… నిన్ను కూడా అనుకోలేదక్కా.”

“ఎవరు మేడమ్?” వెనకనుంచి తోక అడిగాడు. గొంతు దగ్గరగా వినిపించింది. ఇందాకటికన్నా చాలా దగ్గరగా.

“మా చెల్లెలు.”

“ఓ… ఆవిడా.”

ఆ రెండు మాటలతో ఇద్దరికీ అర్థమైపోయింది. ఇంక నటించడానికేమీ మిగల్లేదు. డిటెక్టివ్ ఫోను కట్ చేయకుండా పైజేబులో పెట్టుకుని, గొలుసును ఎడమ మణికట్టుకు రెండు మెలికలు చుట్టి, వీపు గోడకు ఆనించి తిరిగింది. తోక రెండడుగుల దూరంలో ఉన్నాడు. సంచి భుజం మీంచి దింపి, అడ్డంగా ఛాతీ ముందు పట్టుకున్నాడు. అతని మొహంలో కోపమూ లేదు, పగా లేదు. ఆదివారం సాయంత్రం పని ముగించుకుని ఇంటికెళ్లే మనిషి అలసట మాత్రం ఉంది.

“ముందు నువ్వు నడువు,” అంది.

“ముందు నడవడం నాకు రాదు మేడమ్. మాస్టారు నేర్పలేదు.”

“మా చెల్లెలు వింటోంది. నువ్వనే ప్రతి మాటా వింటోంది.”

“వినే ఉంటుంది. ఆదివారం చూసింది కూడా. చూసి ఏం చేసింది?”

జేబులో ఫోను “అక్కా, అక్కా” అంటూనే ఉంది. కింద లోయ అవతలి ఒడ్డున, కొండ చుట్టి వచ్చిన జీపు దారి మలుపులో ఒక జీపు ఆగి ఉంది. దాని పక్కన మరిది నిలబడి ఇటే చూస్తున్నాడు. ఇంత దూరం నుంచి అతను చీమంత. అయినా చెయ్యి ఊపడం లేదనీ, కేక వేయడం లేదనీ స్పష్టంగా తెలుస్తోంది.

తోక కూడా అటు చూశాడు.

“సారు మిమ్మల్ని కిందికి దించమన్నారు,” అన్నాడు, గొలుసు మీంచి చెయ్యి తీసేస్తూ. “ఎలా దించాలో చెప్పలేదు మేడమ్.”